అల్యూమినియం టిగ్: పైన మెరిసే బీడ్, లోపల అంటుకోని అతుకు

ఈ నెల వర్క్‌షాపు శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ అల్యూమినియం ఆర్గాన్ వెల్డింగ్ (టిగ్, అంటే టంగ్‌స్టన్ కడ్డీతో, ఆర్గాన్ వాయువు రక్షణలో చేసే వెల్డింగ్) మీదే. అన్నిట్లోనూ ఒకటే గొడవ: పైకి బీడ్ (వెల్డ్ గీత) బాగానే ఉంటుంది, లోపల పెనట్రేషన్, అంటే వెల్డ్ లోతుగా దిగడం, రావడం లేదు. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే నెలకు వాయిదా వేసి ఈసారి వీటికే జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: 5 మి.మీ. మందం 6061 (ఒక అల్యూమినియం మిశ్రలోహం) ప్లేట్లను టీ జాయింట్‌గా (అడుగు ప్లేటు మీద ఇంకొకటి నిలువుగా) వెల్డ్ చేస్తున్నాం. మాది 200 ఆంపుల ఏసీ/డీసీ ఇన్వర్టర్ వెల్డింగ్ మెషీన్, 160 మీద పెడుతున్నాం. బీడ్ వరుస తప్పకుండా అలలు అలలుగా వస్తోంది. కానీ సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే నిలువు ప్లేటు బీడ్‌తో సహా అడుగు ప్లేటు మీద నుంచి ఊడి వస్తోంది. ఆంపులు పెంచితే చాలా? (జీడిమెట్ల)

జవాబు: పెంచాలి, కానీ అదొక్కటే చాలదు. ఊడుతున్నది అడుగు ప్లేటు వైపు నుంచి అని రాశారు, సగం కారణం అందులోనే ఉంది. నిలువు ప్లేటులో వేడి పైకి మాత్రమే పోతుంది. అడుగు ప్లేటులో రెండు పక్కలకూ పారిపోతుంది. మామూలు ఇనుముతో పోలిస్తే 6061 వేడిని మూడు రెట్లకు పైగా వేగంగా మోసుకుపోతుంది. టార్చ్‌ను సరిగ్గా 45 డిగ్రీల్లో మధ్యకు పెడితే ఆర్క్ రెండు ప్లేట్లకూ సమానంగా పంచినట్టే కనబడుతుంది గానీ, నిలువు ప్లేటు అంచు కరిగే సమయానికి అడుగు ప్లేటు ఇంకా గట్టిగానే ఉంటుంది. ఆర్క్‌ను కొద్దిగా అడుగు ప్లేటు వైపు వాల్చండి.

ఆంపుల విషయం. మందంలో ప్రతి మి.మీ.కు సుమారు 40 ఆంపులు అన్న లెక్కన 5 మి.మీ.కు 200 కావాలి. టీ జాయింట్ కాబట్టి దానికి పైన మరో పది, పదిహేను శాతం. మీరు వాడుతున్న 160 బట్ జాయింట్‌లో (అంచుకు అంచు ఆనించే అతుకు) 4 మి.మీ.కు సరిపోతుంది. మెషీన్ పూర్తి 200 ఇచ్చినా మీ పనికి అంతంత మాత్రమే. అది కూడా ఎంతసేపు ఇస్తుందో నేమ్‌ప్లేట్ మీద డ్యూటీ సైకిల్ చూసుకోండి. 200 దగ్గర 35 శాతం అని ఉంటే పది నిమిషాల్లో మూడున్నర నిమిషాలే వెల్డ్ చేయాలి. గాలితో చల్లబడే డబ్ల్యూపీ-17 టార్చ్ అయితే ఇంత కరెంటుకు చెయ్యి కాలుతుంది. దాని మీద రాసిన ఆంపులు డీసీకి, ఏసీలో అంతకంటే తక్కువే. నీళ్లతో చల్లబడే టార్చ్ ఉండాల్సిన పని ఇది.

చాలని కరెంటుకు తోడుగా ప్రీహీట్ ఇవ్వండి, అంటే వెల్డ్‌కు ముందే ప్లేటును వేడి చేయండి. 6061కి 100 నుంచి 120 డిగ్రీలు చాలు, అంతకు మించితే ప్లేటు బలం పోతుంది. ఈ వేడిని కొలవడంలో చాలామంది మోసపోతారు. లేజర్ గన్ లాంటి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ మెరిసే అల్యూమినియం మీద అసలు కంటే బాగా తక్కువ చూపిస్తుంది. ప్లేటు మీద నల్ల మార్కర్‌తో ఒక మచ్చ దిద్ది దాని మీద కొలవండి, లేదా నిర్ణీత వేడి దగ్గర కరిగే టెంపరేచర్ చాక్ వాడండి. ఎసిటిలీన్ మంటతో మసి పట్టించి అది కాలిపోయేదాకా వేడి చేసే పాత పద్ధతి ఇక్కడ పనికిరాదు. మసి పోయే వేడికి 6061 టెంపర్ (వేడి శుద్ధితో వచ్చిన బలం) ఎప్పుడో పోతుంది.

ఇప్పుడు అసలు విషయం, రాడ్ (అతుకు నింపే ఫిల్లర్ కడ్డీ) ఎప్పుడు అందిస్తున్నారన్నది. ఆర్క్ వెలిగించాక హెల్మెట్ లోంచి మూల మీదే చూపు పెట్టండి. మొదట రెండు ప్లేట్ల మీద రెండు వేర్వేరు మెరుపు మచ్చలు పుడతాయి. ఆ దశలో రాడ్ పెడితే ఫిల్లర్ కరిగి ఒక మచ్చ నుంచి ఇంకో మచ్చకు వంతెన కట్టేస్తుంది, కింద మూల కరగకుండానే మిగిలిపోతుంది. మీ షాపులో జరుగుతున్నది ఇదేనని మా అంచనా. రాడ్ ఆపి పట్టుకోండి. రెండు మచ్చలూ కలిసి ఒక్క పూల్ (కరిగిన లోహపు మడుగు) అయి, దాని ముందు అంచు మూలలోకి దిగేదాకా ఆగండి. కలిసిన తర్వాత కూడా పూల్ ముందు అంచు మధ్యలో లోపలికి నొక్కినట్టు చిన్న గంటు కనిపిస్తోందంటే రూట్ (అతుకు అడుగు) ఇంకా కరగలేదనే అర్థం. ఆ గంటు పూడి అంచు గుండ్రంగా అయ్యాకే రాడ్ ముంచి, ముందుకు జరగండి. ప్రతి అడుగులోనూ ఇదే చూసుకోవాలి. రాడ్ 2.4 మి.మీ. సరిపోతుంది. 3.2 వాడితే ముంచిన ప్రతిసారీ పూల్ చల్లబడుతుంది.

ఆర్క్ పొడవు టంగ్‌స్టన్ మందాన్ని దాటనివ్వకండి, 2 నుంచి 3 మి.మీ. లోపే. ఆర్క్ పొడవైతే వోల్టేజీ పెరుగుతుంది కాబట్టి వేడీ పెరుగుతుందని కొందరు వాదిస్తారు. పెరిగే మాట నిజమే, కానీ ఆ వేడి వెడల్పుగా పరుచుకుంటుంది, లోపలికి దిగదు. టార్చ్‌ను వెనక్కి పది, పదిహేను డిగ్రీలకు మించి వాల్చకండి.

మొదటి అంగుళం ఎప్పుడూ చలిగానే ఉంటుంది. ఫుట్ పెడల్ ఉంటే మొదలుపెట్టేటప్పుడు పూర్తిగా తొక్కి, ప్లేటు వేడెక్కే కొద్దీ వదులుతూ రండి. పెడల్ లేకపోతే జాయింట్ మొదట్లో అదే మందం తుక్కు ముక్క టాక్ చేసి (చుక్క వెల్డ్‌తో అంటించి) వెల్డ్ దాని మీద మొదలుపెట్టి, తర్వాత కోసేయండి. సుత్తి పరీక్షలో ముందు విడిపోయేది సాధారణంగా ఆ చివరే.

శుభ్రం చేయడంలో వరుస ముఖ్యం. ముందు ఎసిటోన్‌తో నూనె తుడవాలి, తర్వాతే స్టెయిన్‌లెస్ బ్రష్. తిరగేస్తే బ్రష్ నూనెను లోహంలోకి రుద్దుతుంది. ఆ బ్రష్‌తో ఇనుము ముట్టుకోకూడదు. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌ను మాత్రం షాపులోనే ఉంచకండి. దాని తడి మిగిలిన చోట ఆర్క్ వెలిగిస్తే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది, ప్రాణాల మీదికి వస్తుంది.

ప్రశ్న: కొత్త మెషీన్‌లో ఏసీ బ్యాలెన్స్ అని ఒక నాబ్ ఉంది. ఒకరు 70 పెట్టమంటారు, ఇంకొకరు 30 అంటారు. ఏది నిజం? (విజయవాడ ఆటోనగర్)

జవాబు: ఇద్దరూ ఒకటే చెబుతుండవచ్చు. కొన్ని కంపెనీల మెషీన్లు ఎలక్ట్రోడ్ నెగటివ్ శాతం చూపిస్తాయి, కొన్ని క్లీనింగ్ శాతం చూపిస్తాయి. మొదటి దానిలో 70 అంటే రెండో దానిలో 30. మైనస్ 5 నుంచి ప్లస్ 5 దాకా గీతలు పెట్టినవీ ఉన్నాయి. మాన్యువల్ చూడండి. అది పోయి ఉంటే తుక్కు ప్లేటు మీద నాబ్ ఆ చివర ఒకసారి, ఈ చివర ఒకసారి పెట్టి రెండు బీడ్లు లాగండి. బీడ్ పక్కల తెల్లగా మంచు పట్టినట్టు ఉండే అంచు వెడల్పైంది, టంగ్‌స్టన్ మొన కరిగి పెద్ద గుండుగా మారింది అంటే అటు క్లీనింగ్ ఎక్కువ.

ఏసీలో రెండు సగాలు రెండు పనులు చేస్తాయి. ఎలక్ట్రోడ్ పాజిటివ్‌గా ఉన్న సగం పైనున్న ఆక్సైడ్ పొరను పగలగొడుతుంది. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది, దాని ఆక్సైడ్ మాత్రం 2,000 దాటితే గానీ కరగదు, అందుకే ఆ సగం లేకుండా పని జరగదు. కానీ ఆ సగంలో వేడి ఎక్కువగా టంగ్‌స్టన్ మీద పడుతుంది, ప్లేటుకు దక్కేది తక్కువ. పెనట్రేషన్ ఇచ్చేది నెగటివ్ సగం. కొత్త ప్లేటు, శుభ్రంగా బ్రష్ చేసినది అయితే నెగటివ్ 70 నుంచి 75 దాకా పోవచ్చు. అక్కడి నుంచి ఇంకా పెంచుకుంటూ పోతే ఒక దశలో పూల్ అద్దంలా ఉండడం మానేసి మసకబారుతుంది, మిరియాల పొడి చల్లినట్టు నల్ల రవ్వలు తేలుతాయి. అక్కడ ఆగి రెండు, మూడు గీతలు వెనక్కి తిప్పండి. తెల్ల అంచు బీడ్‌కు రెండు పక్కలా ఒకటిన్నర, రెండు మి.మీ. ఉంటే చాలు. చాలా షాపుల్లో చూస్తే అది అర అంగుళం ఉంటుంది. అంత వెడల్పు శుభ్రం ఎవరికీ అక్కర్లేదు, ఆ వేడంతా టంగ్‌స్టన్‌ను కరిగించడానికి పోయినట్టే.

ఫ్రీక్వెన్సీ అని రాసిన నాబ్‌లు మీ మెషీన్‌లో రెండు ఉండొచ్చు, కలగలపకండి. పల్స్ ఫ్రీక్వెన్సీ వేరు, ఏసీ ఫ్రీక్వెన్సీ వేరు. ఆర్క్ వెలిగించే హెచ్‌ఎఫ్ (హై ఫ్రీక్వెన్సీ) మరీ వేరు. ఏసీ ఫ్రీక్వెన్సీని 100 నుంచి 120 హెర్ట్జ్‌కు పెడితే ఆర్క్ సన్నబడి మూలలోకి సూటిగా దిగుతుంది. ఫిల్లెట్‌కు (మూలలో వేసే వెల్డ్‌కు) అది మంచిది. మందం ప్లేటు మీద వెడల్పుగా నింపాల్సినప్పుడు 60 నుంచి 80 హాయిగా ఉంటుంది. 50 హెర్ట్జ్ పాత ట్రాన్స్‌ఫార్మర్ మెషీన్లలో ఈ నాబ్‌లేవీ ఉండవు, వాటితో పని చేసేవారు ఒక సైజు పెద్ద టంగ్‌స్టన్, ప్రీహీట్ నమ్ముకోవాలి.

ప్రశ్న: టంగ్‌స్టన్ ఏ రంగుది కొనాలి? మొన గుండ్రంగా చేయాలా, సూదిగా పెట్టాలా? (కరీంనగర్)

జవాబు: ఇన్వర్టర్‌కు నీలం రంగుది, అంటే 2 శాతం లాంథనం కలిసినది. పచ్చది (ప్యూర్) పాత ట్రాన్స్‌ఫార్మర్ మెషీన్లకు వదిలేయండి. 150 ఆంపుల దాకా 2.4 మి.మీ., అక్కడి నుంచి 250 దాకా 3.2 మి.మీ. పెన్సిల్‌లా చెక్కి, కొసను కొద్దిగా చదును చేయండి. వెల్డ్ చేసే కొద్దీ దానంతట అదే చిన్న గుండ్రం తిరుగుతుంది. టంగ్‌స్టన్ మందాన్ని మించిన గుండు కట్టిందంటే క్లీనింగ్ ఎక్కువ పెట్టారన్నమాట, అప్పుడు ఆర్క్ గుండు చుట్టూ తిరుగుతూ నిలకడ తప్పుతుంది. ఎర్ర రంగుది థోరియం కలిసినది, చెక్కేటప్పుడు లేచే ధూళి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. దాన్ని కొనాల్సిన అవసరం ఇప్పుడు లేదు.

ప్రశ్న: చేపల పడవలకు 6 మి.మీ. 5083 ప్లేట్లు బట్ జాయింట్ వేస్తున్నాం. వెల్డ్ అడుగుదాకా దిగింది, వెనక ఉబ్బు కూడా కనిపిస్తోంది. అయినా ఆ ఉబ్బు మధ్యలో బ్లేడుతో గీసినట్టు సన్నని గీత. కరెంటు ఇంకా పెంచాలా? (విశాఖపట్నం)

జవాబు: పెంచితే చిల్లు పడుతుంది, గీత పోదు. ఇది వేడి లోటు కాదు, ఆక్సైడ్ మిగిలిపోవడం. ఆర్క్ క్లీనింగ్ అది తగిలిన పైభాగానికే పరిమితం. ప్లేట్ల అడుగు ముఖం మీద, రెండు అంచుల కింది మూలల మీద ఉన్న పొర కరగకుండా అలాగే ఉంటుంది. కరిగిన లోహం బరువుకు సంచిలా కిందికి సాగి, రెండు పొరలూ ఒకదానికొకటి ఆనుకుని మడత పడతాయి. మీరు చూస్తున్న గీత ఆ మడతే. పడవ అలలకు ఊగినప్పుడల్లా పగులు అక్కడి నుంచే మొదలవుతుంది.

అంచులు 60 నుంచి 70 డిగ్రీల వీ వచ్చేలా చెక్కి, రూట్ దగ్గర ఒకటిన్నర మి.మీ. ముఖం చెక్కకుండా వదలండి. చాలామంది అక్కడితో ఆపేస్తారు. అడుగు వైపు మూలలను కూడా ఆకురాయితో అర మి.మీ. నుంచి ఒక మి.మీ. దాకా విరవండి. అప్పుడు మడత పడాల్సిన పొర పక్కకు విడిపోతుంది. అడుగు ముఖాన్ని కూడా అంగుళం వెడల్పున ఎసిటోన్, బ్రష్‌లతో పై ముఖమంత శ్రద్ధగా శుభ్రం చేయండి. వెనక గాడి చేసిన స్టెయిన్‌లెస్ పట్టీ ఆనించినా మంచిదే. రాగి పట్టీ వేడిని గుంజేస్తుంది కాబట్టి ఈ పనిలో అంత కలిసిరాదు.

రెండు వైపులా చెయ్యి పెట్టే వీలున్న చోట మాత్రం మేమైతే ఇంకో దారి చెబుతాం: ముందు వైపు వెల్డ్ పూర్తిచేసి, వెనక నుంచి కార్బైడ్ బర్‌తో గీత పూర్తిగా మాయమై మెరిసే లోహం కనిపించేదాకా గాడి తీసి, ఆ గాడిలో ఒక రన్ (ఒక వరుస వెల్డ్) వేయండి. 6 మి.మీ.లో ఒకే వైపు నుంచి రూట్ సాధించాలని పట్టుబట్టడం కంటే ఇది తొందరగా అయ్యే పని. గాడి తీయడానికి మామూలు గ్రైండింగ్ చక్రం వాడకండి. అల్యూమినియం దాని రంధ్రాల్లో నిండిపోతుంది, నిండిన చక్రం పగలవచ్చు. రాపిడి రేణువులు, జిగురు లోహంలో గుచ్చుకుని పిన్‌హోల్స్‌గా బయటపడతాయి.

మొదటి జవాబులో చెప్పిన ప్రీహీట్‌ను 5083కి వర్తింపజేయకండి. దీనిలో మెగ్నీషియం 4 శాతం పైనే. 65 నుంచి 200 డిగ్రీల మధ్య ఎక్కువసేపు ఉంచితే ఆ మెగ్నీషియం రేణువుల సరిహద్దుల్లో పేరుకుని, తర్వాత ఉప్పునీటిలో అక్కడి నుంచే తుప్పు, పగుళ్లు మొదలవుతాయి. తేమ ఆరడానికి చెయ్యి ఆనించగలిగేంత వెచ్చన చాలు. ఫిల్లర్ 5183 వాడండి, దొరక్కపోతే 5356. 4043 మాత్రం వద్దు. దానిలోని సిలికాన్, ప్లేటులోని మెగ్నీషియం కలిసి అతుకు పెళుసవుతుంది.

మీది సముద్రపు గాలి తగిలే ఊరు కాబట్టి ఇంకొక మాట. కరిగిన అల్యూమినియం హైడ్రోజన్‌ను బాగా పీల్చుకుని, గట్టిపడేటప్పుడు వదిలేస్తుంది, అదే పిన్‌హోల్స్. హైడ్రోజన్ వచ్చేది తేమ, నూనెల నుంచే. తెరిచిన రాడ్ల కట్టను డబ్బాలో మూతపెట్టి ఉంచండి, వాడే ముందు రాడ్‌ను ఎసిటోన్ గుడ్డతో తుడవండి. వెల్డ్ చేసే చోట ఫ్యాన్ ఆపేయండి, ఉక్కపోసినా సరే.

ప్రశ్న: ఆర్గాన్‌లో హీలియం కలిపితే మెషీన్ మార్చకుండానే పెనట్రేషన్ పెరుగుతుందా? (బాలానగర్)

జవాబు: పెరుగుతుంది. అవే ఆంపులకు హీలియంలో ఆర్క్ వోల్టేజీ ఎక్కువ, అంటే వేడి ఎక్కువ. 200 ఆంపుల మెషీన్‌తో 6 మి.మీ. పని చేయాలనుకునేవారికి 25 నుంచి 30 శాతం హీలియం మిశ్రమంతోనే తేడా తెలుస్తుంది. 75 శాతం దాకా పోవచ్చు గానీ, హీలియం పెరిగే కొద్దీ ఆర్క్ వెలిగించడం కష్టమవుతుంది. పైగా అది గాలి కంటే తేలిక, పైకి పోతుంది కాబట్టి గ్యాస్ ప్రవాహం కూడా పెంచాలి. ఆర్గాన్‌కు 7వ నంబరు కప్పుతో (టార్చ్ కొసన గ్యాస్ వదిలే నాజిల్) నిమిషానికి 8 నుంచి 10 లీటర్లు సరిపోయే చోట ఒకటిన్నర రెట్లయినా కావాలి. మన దేశానికి హీలియం దాదాపు అంతా దిగుమతే, సిలిండర్ ధర చూస్తే కళ్లు తిరుగుతాయి. రోజూ ఇదే పని ఉంటే తప్ప ప్రీహీటే చవక.

ప్రశ్న: బైక్ ఇంజన్ కేసు పగులు వెల్డ్ చేస్తే నల్లటి నురుగు వస్తోంది, లోహం కలవడం లేదు. (ఖమ్మం)

జవాబు: పోతపోసిన అల్యూమినియం ఏళ్ల తరబడి నూనె తాగి ఉంటుంది. పగులు రెండు చివర్లా 3 మి.మీ. రంధ్రాలు వేయండి, లేకపోతే వేడికి పగులు ముందుకు పాకుతుంది. కార్బైడ్ బర్‌తో పగులు అడుగు కనిపించేదాకా వీ తీయండి. 150 డిగ్రీల దాకా మెల్లగా వేడి చేస్తే నూనె చెమటలా పైకొస్తుంది. తుడిచి, మళ్లీ వేడి చేసి, మళ్లీ తుడవాలి. రాడ్ లేకుండా ఒకసారి ఆర్క్‌తో పైపైన కరిగించి, తేలిన మురికిని బ్రష్‌తో తీసేసి అప్పుడు 4043 లేదా 4047 వేయండి. ఆటోనగర్ పాఠకుడికి క్లీనింగ్ తగ్గించమన్నాం, మీరు పెంచాలి, నెగటివ్ 60 నుంచి 65. పనయ్యాక గాలికి వదలకుండా మంట అంటని గుడ్డ కప్పి నెమ్మదిగా చల్లారనివ్వండి.

ప్రశ్న: ఎక్స్‌రే లేకుండా లోపల అంటుకుందో లేదో తెలుసుకునే మార్గం ఉందా? (అనంతపురం)

జవాబు: అసలు వస్తువు మీద కాదు, అదే ప్లేటు, అదే సెట్టింగులతో చేసిన నమూనా ముక్క మీద ఉంది. టీ జాయింట్‌ను ఒక్క వైపే వెల్డ్ చేయండి. నిలువు ప్లేటును వెల్డ్ ఉన్న వైపుకే వంగేలా సుత్తితో కొట్టండి, అప్పుడు రూట్ తెరుచుకుని విరుగుతుంది. విరిగిన ముఖాన్ని వెలుతురులో పట్టి చూడండి. వెల్డ్ లోహమే చీలి వెండిలా గరుకుగా ఉంటే అతుకు పట్టినట్టే. ఎక్కడైనా నున్నగా చదునుగా ఉండి, ప్లేటు మీద మొదట ఉన్న కోత గీతలో, బ్రష్ గీతలో ఇంకా చెక్కుచెదరకుండా కనిపిస్తే అక్కడ ప్లేటు కరగనే లేదు. జీడిమెట్ల పాఠకుడు ఊడిన అడుగు ప్లేటును ఇలా చూస్తే ఆ గీతలు కనిపించే తీరతాయి.

ఎంత లోతు దిగిందో కొలవాలంటే హాక్సాతో జాయింట్‌ను అడ్డంగా కోసి, కోసిన ముఖాన్ని ఆకురాయితో చదును చేసి, 120 నుంచి 400 నంబరు దాకా నీటి ఎమెరీ కాగితంతో రుద్దండి. ప్లాస్టిక్ పాత్రలో లీటరు నీటికి 100 గ్రాముల కాస్టిక్ సోడా కలపండి. సోడాను నీటిలో వేయాలి, నీటిని సోడా మీద పోయకూడదు. ఆ ద్రావణం గోరువెచ్చగా ఉన్నప్పుడు ముక్కను కొద్ది నిమిషాలు ముంచి, తీసి, ధారాళంగా కడగండి. 4043తో చేసిన వెల్డ్ ముదురు బూడిద రంగుకు తిరిగి ప్లేటు నుంచి విడిగా కనిపిస్తుంది. రెండు ప్లేట్లు కలిసే మూల ఆ ముదురు రంగులో మునిగి ఉండాలి. మూల నుంచి వెల్డ్‌లోకి వెంట్రుక లాంటి నల్ల గీత పోయిందంటే అంతమేర అంటుకోలేదు. ముంచినప్పుడు హైడ్రోజన్ బుడగలు వస్తాయి కాబట్టి దగ్గర్లో మంట ఉండకూడదు, కళ్లజోడు, చేతులకు రబ్బరు గ్లవ్స్ తప్పనిసరి. ఎరుపు రంగు డై పూసే పరీక్ష పైకి తెరుచుకున్న లోపాలనే పట్టిస్తుంది, లోపల అంటుకోనిది దానికి చిక్కదు.

ప్రశ్న: 6061-టీ6 (వేడి శుద్ధితో గట్టిపరచిన 6061) ఫ్రేము. కోసి చూస్తే వెల్డ్ పూర్తిగా దిగింది. అయినా బీడ్ పక్కన ప్లేటే చిరిగింది. (సంగారెడ్డి)

జవాబు: అది పెనట్రేషన్ లోపం కాదు. టీ6 ప్లేటు బలం సుమారు 310 మెగాపాస్కల్స్. వెల్డ్ వేడి తగిలిన పట్టీలో లెక్కలకు తీసుకునేది 165 మాత్రమే, అంటే దాదాపు సగం. ఎంత బాగా వెల్డ్ చేసినా ఆ పట్టీ మెత్తబడి తీరుతుంది. నెమ్మదిగా, పదే పదే వేడి చేస్తే అది ఇంకా వెడల్పవుతుంది. ఎక్కువ కరెంటుతో త్వరగా దాటండి, రన్‌కు, రన్‌కు మధ్య ప్లేటు 120 డిగ్రీల లోపు చల్లారనివ్వండి. తర్వాత ఓవెన్‌లో పెట్టి టీ6 బలం తిరిగి తెచ్చుకోవాలంటే 530 డిగ్రీల దగ్గర ఉంచి, నీటిలో ముంచి, మళ్లీ 160 నుంచి 175లో గంటల తరబడి ఏజింగ్ చేయాలి. ఫ్రేము వంకర తిరగకుండా అది చేయడం చిన్న షాపుకు అయ్యే పని కాదు. జాయింట్‌ను వంపు ఎక్కువ పడే చోటు నుంచి పక్కకు జరపండి. అది కుదరకపోతే ఆ చోట మందం ప్లేటు వేయండి.